గొంతులో సూది ఎటు దిగుతోంది? ఐసీయూ ట్రాకియాస్టమీలో చేతి అంచనా, కెమెరా, అల్ట్రాసౌండ్

క్లుప్తంగా: వెంటిలేటర్ మీద చాలా రోజులు ఉండాల్సిన రోగికి గొంతు ముందు భాగంలో సూదితో గుచ్చి శ్వాసనాళంలోకి ట్యూబు వేస్తారు. ఇలా మెడ ముందు నుంచి దారి చేయడమే ట్రాకియాస్టమీ. ఆ సూదికి దారి చూపే పద్ధతులు మూడు: వేళ్లతో తడిమి అంచనా కట్టడం, శ్వాసనాళం లోపలి నుంచి బ్రాంకోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టంతో చూడటం, చర్మం మీద నుంచి అల్ట్రాసౌండ్‌తో చూడటం. చివరి రెండింటినీ నేరుగా పోల్చిన ప్రధాన అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. తేడా తేలలేదంటే రెండూ ఒకటేనని కాదు. అవి చూసే చోట్లు వేరు, ఆపగలిగే ప్రమాదాలూ వేరు.

## తొందర లేని పని

తల గాయాలు, పక్షవాతం, గులియన్ బారీ జబ్బు, పురుగుమందు విషం, కట్లపాము కాటు, తీవ్ర న్యుమోనియా. కారణం ఏదైనా, రోగి వారం పది రోజులకు మించి వెంటిలేటర్ మీద ఉండాల్సి వస్తే ట్రాకియాస్టమీ మాట వస్తుంది. నోటి గుండా వేసిన గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుంది. దాన్ని భరించాలంటే మత్తు మందు కావాలి. నోరు శుభ్రం చేయడం కష్టం, మాట్లాడటం అసాధ్యం. అదే ట్యూబు మెడ ముందు నుంచి వేస్తే మత్తు తగ్గించవచ్చు, కఫం తేలిగ్గా తీయవచ్చు, వెంటిలేటర్ నుంచి మెల్లగా విడదీసే ప్రయత్నాలు సులువవుతాయి.

ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి మాత్రం ‘గొంతుకు రంధ్రం పెడతాం, సంతకం పెట్టండి’ అనే మాట ఆశ వదులుకోమన్నట్టే వినిపిస్తుంది. నిజానికి చాలామందికి ఇది తాత్కాలిక ఏర్పాటు. అవసరం తీరాక ట్యూబు తీసేస్తే రంధ్రం సాధారణంగా తనంతట తానే పూడిపోతుంది.

ఎప్పుడు చేయాలన్న దానిపై చాలాకాలం వాదన నడిచింది. బ్రిటన్‌లో జరిగిన ట్రాక్‌మ్యాన్ అధ్యయనం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. అందులో 909 మంది రోగులను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి తొలి నాలుగు రోజుల్లోనే ట్రాకియాస్టమీ, రెండో వర్గానికి పది రోజుల తర్వాత, అదీ అప్పటికి అవసరం ఉంటేనే. నెల రోజుల్లో మరణాలు మొదటి వర్గంలో 30.8 శాతం, రెండో వర్గంలో 31.5 శాతం. అంటే తేడా లేనట్టే. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆగి చూద్దామనుకున్న వర్గంలో సగానికి పైగా రోగులకు అసలు ట్రాకియాస్టమీ అవసరమే పడలేదు.

దారి చూపే పద్ధతుల చర్చకు ఈ ఫలితంతో సంబంధం ఉంది. ట్రాకియాస్టమీ ఒకటి రెండు రోజులు వాయిదా పడినంత మాత్రాన రోగి ప్రాణం మీదకు రాదు. అలాంటప్పుడు పరికరం దొరకలేదనో, చేయి తిరిగిన వైద్యుడు ఆ రోజు డ్యూటీలో లేడనో హడావిడిగా చేసేయడానికి సాకు ఉండదు. అత్యవసరంగా చేసే పనిలో కొంత ప్రమాదాన్ని ఒప్పుకోక తప్పదు. ముహూర్తం మనమే పెట్టుకునే పనిలో ఆ వెసులుబాటు లేదు.

## కత్తి నుంచి సూదికి

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికన్ వైద్యుడు షెవలియర్ జాక్సన్ స్థిరపరచిన శస్త్రచికిత్స పద్ధతే చాలాకాలం ప్రమాణంగా ఉండేది. మెడ కోసి, కండరాలు పక్కకు తప్పించి, శ్వాసనాళాన్ని కళ్లారా చూసి తెరవడం అందులోని క్రమం. దానికి ఆపరేషన్ థియేటర్ కావాలి. వెంటిలేటర్, నాలుగైదు మందుల పంపులు తగిలించి ఉన్న రోగిని మంచంతో సహా థియేటర్‌కు తోసుకెళ్లడమే ఒక ప్రమాదం.

1985లో అమెరికాకే చెందిన పాస్క్వాలే సియాలియా మరో దారి చూపించారు. రక్తనాళాల్లోకి గొట్టాలు వేయడానికి స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ 1953లో ప్రకటించిన ‘సూది, తీగ, గొట్టం’ క్రమాన్నే శ్వాసనాళానికి వాడారు. ముందు సూది, దాని గుండా లోహపు తీగ, సూది తీసేసి ఆ తీగ మీదుగా ఒకదాని తర్వాత ఒకటి లావుపాటి డైలేటర్లు (రంధ్రాన్ని వెడల్పు చేసే సాధనాలు), చివరికి ట్యూబు. తర్వాతి కాలంలో అన్ని డైలేటర్ల బదులు కొమ్ములా వంగి మొన నుంచి మొదలు దాకా లావెక్కే ఒకే డైలేటర్ వచ్చింది. 1990లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రిగ్స్ పద్ధతిలో తీగ మీదుగా ఫోర్సెప్స్ (పట్టకారు) దించి రంధ్రాన్ని సాగదీస్తారు. ఏ రకమైనా రోగి మంచం మీదే, నిమిషాల్లో అయిపోతుంది.

కత్తి, సూది దారులను పోల్చిన 20 అధ్యయనాలను, మొత్తం 1652 మంది రోగుల వివరాలను, 2016లో కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట చేర్చింది. సూది పద్ధతిలో గాయం చీము పట్టడం బాగా తక్కువని తేలింది. మరణాల్లో, తీవ్రమైన ప్రమాదాల్లో స్పష్టమైన తేడా కనబడలేదు. ఐసీయూల్లో సూది పద్ధతి ఇంతగా స్థిరపడటానికి కారణం ఈ లెక్కలతో పాటు, థియేటర్ అక్కర్లేకపోవడం.

అయితే కత్తితో తెరిచే వైద్యుడికి ఉన్న ఒక సౌకర్యం సూదితో పోయింది. ఆయనకు లోపల ఏముందో కళ్లకు కనిపిస్తుంది. సూది మాత్రం చర్మం కింద చీకట్లోకి దిగుతుంది. దారి చూపే పద్ధతులన్నీ పోయిన ఆ చూపును తిరిగి తెచ్చుకునే ప్రయత్నాలే.

## రెండు సెంటీమీటర్లలో ఏమేం ఉన్నాయి

పెద్దవారి శ్వాసనాళం 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని ముందు, పక్క గోడలను 16 నుంచి 20 మృదులాస్థి ఉంగరాలు నిలబెడతాయి. ఇవి పూర్తి ఉంగరాలు కావు, వెనక తెరుచుకుని ఉంటాయి. ఆ వెనక గోడ మెత్తని పొర, దాన్ని ఆనుకుని అన్నవాహిక ఉంటుంది. సూది దిగాల్సింది సాధారణంగా మొదటి, రెండో ఉంగరాల మధ్య, లేదా రెండో, మూడో ఉంగరాల మధ్య, అదీ సరిగ్గా నడిమధ్యన.

చుట్టూ ఉన్నవి చూస్తే పని ఎంత ఇరుకో తెలుస్తుంది. పైన, స్వరపేటిక అడుగున, క్రికాయిడ్ మృదులాస్థి ఉంది. మరీ పైకి గుచ్చి అది దెబ్బతింటే తర్వాత ఆ చోట శ్వాసనాళం సన్నబడిపోవచ్చు. జాక్సన్ వందేళ్ల కిందటే దీని గురించి హెచ్చరించారు. ముందు థైరాయిడ్ గ్రంథి మధ్య భాగం రెండో ఉంగరం నుంచి నాలుగో ఉంగరం దాకా అడ్డంగా పరుచుకుని ఉంటుంది. చర్మానికి, శ్వాసనాళానికి మధ్య సన్నని సిరలు నడుస్తాయి. కొందరిలో మాత్రమే కనిపించే ఒక అదనపు థైరాయిడ్ ధమని కూడా అక్కడే ఉండవచ్చు. మెడ మొదట్లో, ఉరోస్థి (రొమ్ము ఎముక) వెనక, శ్వాసనాళాన్ని దాటుతూ బ్రేకియోసెఫాలిక్ ధమని పోతుంది. గుండె నుంచి వచ్చే ప్రధాన ధమని మొదటి కొమ్మ అది. కొందరిలో ఇంకా పైకి, మెడలోకి ఎక్కి ఉంటుంది. దానికి తగిలితే ఆపడం దాదాపు అసాధ్యం.

ప్రమాదాలను రెండు కుప్పలుగా వేసుకుంటే ఈ వ్యాసంలోని మిగతా సంగతంతా తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి కుప్ప శ్వాసనాళానికి ముందు జరిగేవి: రక్తనాళం తెగడం, థైరాయిడ్ గాయపడటం, సూది పక్కకు పోవడం, ఉంగరాల లెక్క తప్పడం. రెండో కుప్ప లోపల జరిగేవి: సూది గానీ డైలేటర్ గానీ వెనక గోడను చీల్చడం, తీగ పైకి తిరగడం, నోటి ట్యూబునే సూది గుచ్చేయడం, ట్యూబు శ్వాసనాళంలో కాక పక్క కణజాలంలో కూర్చోవడం.

సూది పద్ధతి వల్ల సంభవించిన మరణాలపై ప్రచురితమైన కేసులను 2013లో ఒక సమీక్ష పోగు చేసింది. మొత్తం 71 మరణాలు. వాటిలో రక్తస్రావం వల్ల 38 శాతం, శ్వాసమార్గం చేజారడం వల్ల దాదాపు 30 శాతం, శ్వాసనాళం చిరగడం వల్ల 15.5 శాతం. చేసిన ప్రతి వెయ్యి ట్రాకియాస్టమీల్లో ఇద్దరి కంటే తక్కువ, 0.17 శాతం, దానివల్లే చనిపోతున్నారని ఆ సమీక్ష అంచనా. ప్రచురణకు ఎక్కని మరణాలు ఎన్నో ఉంటాయి కాబట్టి శాతాలను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. రెండు కుప్పల్లోనూ చావులు ఉన్నాయన్నది ముఖ్యం.

## వేళ్లు చెప్పే దారి

మొదటి పద్ధతికి పరికరం అక్కర్లేదు. భుజాల కింద దుప్పటి చుట్ట పెట్టి మెడను వెనక్కి వంచుతారు. గొంతు ముందు పొడుచుకొచ్చే థైరాయిడ్ మృదులాస్థి మీది గాడి, దాని కింద క్రికాయిడ్, అడుగున ఉరోస్థి పైనున్న గుంట. వీటిని వేలితో తడిమి చోటు గుర్తిస్తారు. ఇంకొకరు నోటి ట్యూబును స్వరతంత్రుల దాకా వెనక్కి లాగుతారు. సెలైన్ నింపిన సిరంజి తగిలించిన సూది దించుతూ సిరంజి పిస్టన్‌ను వెనక్కి లాగితే గాలి బుడగలు వస్తాయి. అంటే శ్వాసనాళంలోకి చేరినట్టు.

సన్నని మెడ, స్పష్టంగా తగిలే ఉంగరాలు ఉన్న రోగిలో చేయి తిరిగిన వైద్యుడు ఇలా క్షేమంగా చేయగలడు, చేస్తున్నారు కూడా. చిక్కు ఎక్కడంటే, బుడగలు వచ్చాయంటే సూది శ్వాసనాళంలో ఉందని మాత్రమే తెలుస్తుంది. నడిమధ్యన ఉందా, ఎన్నో ఉంగరం కింద ఉందా, వెనక గోడకు ఎంత దూరంలో ఉందా అన్నది తెలియదు. లావుపాటి మెడలో, వాచిన మెడలో, మెడ ఎముక విరిగి వెనక్కి వంచడానికి వీల్లేని రోగిలో వేలికి తగిలేదే తక్కువ.

అంచనా ఎంత తప్పుతుందో ఆస్ట్రేలియాలో జరిగి 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం కొలిచి చూపింది. యాభై మంది రోగుల్లో కొందరికి వేలి అంచనాతో, కొందరికి అల్ట్రాసౌండ్ చూస్తూ సూది దించారు. ఎవరికి ఏ పద్ధతి వాడారో తెలియని వైద్యులు బ్రాంకోస్కోప్‌తో లోపలి నుంచి సూది దిగిన చోటు కొలిచారు. నడిమి గీత నుంచి సూది పక్కకు జరిగిన కోణం వేలి అంచనాలో సగటున 35 డిగ్రీలు, అల్ట్రాసౌండ్‌తో 15 డిగ్రీలు. మొదటి పోటులోనే శ్వాసనాళంలోకి చేరింది వేలి అంచనాలో 58 శాతం మందిలో, అల్ట్రాసౌండ్‌తో 87 శాతం మందిలో. రోగులు తక్కువే అయినా తేడా పెద్దది. పైగా ఇది అభిప్రాయం కాదు, కొలత.

## లోపలి నుంచి చూసే కెమెరా

బ్రాంకోస్కోప్ వాడకం 1980ల చివర్లో, 1990ల తొలినాళ్లలో మొదలైంది. నోటి ట్యూబు గుండానే సన్నని స్కోప్ దించుతారు. స్కోప్ చివరి వెలుగు మెడ చర్మం మీద ఎర్రగా మెరిసి శ్వాసనాళం ఎక్కడుందో సూచిస్తుంది. తెర మీద ఉంగరాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ముందు గోడ వేలి ఒత్తిడికి ఎక్కడ కుంగుతోందో, సూది ఏ ఉంగరాల మధ్య నుంచి పొడుచుకొచ్చిందో, తీగ కిందికే పోతోందా, డైలేటర్ వెనక గోడను తాకుతోందా అన్నీ కళ్లముందే ఉంటాయి. ట్యూబు కూర్చున్నాక దాని గుండా చూసి శ్వాసనాళం రెండు కొమ్మలుగా చీలే చోటు కనబడితే ఇక సందేహం ఉండదు. లోపల రక్తపు గడ్డలో, కఫమో ఉంటే అదే స్కోప్‌తో లాగేయవచ్చు. రెండో కుప్ప ప్రమాదాలకు ఇంతకంటే గట్టి కాపలా లేదు.

మరి మొదటి కుప్ప? స్కోప్ శ్వాసనాళం లోపలే ఉంటుంది కాబట్టి గోడ అవతల ఏముందో దానికి తెలియదు. రెండు ఉంగరాల మధ్య, నడిమధ్యన, అందంగా దిగిన సూది దారిలో ఒక సిరను చీల్చుకుని వచ్చి ఉండవచ్చు. తెర మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

దీనికి రోగి చెల్లించే మూల్యం కూడా ఉంది. నోటి ట్యూబు లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, స్కోప్ లావు 5 మిల్లీమీటర్లు అనుకుంటే, గాలి పోయే అడ్డుకోత వైశాల్యంలో దాదాపు 39 శాతాన్ని స్కోపే ఆక్రమిస్తుంది. ట్యూబు 7 మిల్లీమీటర్లదైతే సగానికి పైగా పోతుంది. మిగిలిన ఇరుకు సందులో గాలి ప్రవాహం అంతకంటే ఎక్కువ నిష్పత్తిలో తగ్గుతుంది. దాంతో ఊపిరితిత్తులను తెరిచి ఉంచే ఒత్తిడి పడిపోతుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఇది పెరిగితే మెదడు రక్తనాళాలు విచ్చుకుని పుర్రె లోపలి ఒత్తిడి పెరుగుతుంది. మిగతావారు తట్టుకునే ఈ కొద్ది నిమిషాలు తల గాయంతో మెదడు వాచిన రోగికి ప్రమాదం కావచ్చు. ట్రాకియాస్టమీ ఎక్కువగా అవసరపడే వర్గాల్లో ఆ రోగులు ఒకరు కావడమే విచిత్రం.

చిన్నవిగా కనిపించే ఇబ్బందులు ఇంకొన్ని ఉన్నాయి. సూది స్కోప్‌ను గుచ్చితే దాని మరమ్మతు ఖర్చు చిన్నది కాదు. ఒక రోగికి వాడిన స్కోప్‌ను క్రిమిరహితం చేయకుండా ఇంకొకరికి వాడకూడదు. ఆ శుభ్రతకు సమయం, మనిషి, రసాయనాలు కావాలి. స్కోప్ పట్టుకోవడానికే వేరుగా ఒక వైద్యుడు కావాలి.

## చర్మం మీద నుంచి చూసే అల్ట్రాసౌండ్

మెడ మీద పెట్టే ప్రోబ్ పైపైన ఉన్నవాటిని సూక్ష్మంగా చూపే రకం. మృదులాస్థి ఉంగరాలు నల్లగా, వాటి వెనక శ్వాసనాళపు లోపలి పొర, గాలి కలిసే చోటు తెల్లని గీతగా కనిపిస్తాయి. క్రికాయిడ్ నుంచి ఉంగరాలను లెక్కపెట్టుకుంటూ కిందికి రావచ్చు. థైరాయిడ్ ఎంత మందం, సూది దారిలో సిర ఉందా, కింద ధమని ఎంత పైకి వచ్చి ఉంది అన్నవి ముందే తెలుస్తాయి. రంగు డాప్లర్ పెడితే రక్తప్రవాహం కూడా కనిపిస్తుంది.

గోడకు మేకు కొట్టే ముందు లోపల కరెంటు తీగ ఎక్కడుందో చూసుకోవడం లాంటిది ఇది. తెలిస్తే మేకును అరంగుళం పక్కకు జరుపుతాం, అంతే. జర్మనీలోని ఒక ట్రామా ఐసీయూ 72 మంది రోగుల అనుభవాన్ని 2000లో ప్రచురించింది. వారిలో దాదాపు నాలుగో వంతు మందికి అల్ట్రాసౌండ్ చూశాక గుచ్చాల్సిన చోటు మార్చుకున్నారు.

ఇంకో ఉపయోగం ఉంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. చర్మం నుంచి శ్వాసనాళం ఎంత లోతులో ఉందో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. సూది ఎంత దించాలో దాన్ని బట్టే. అంతకంటే ముఖ్యం, ఏ పొడవు ట్యూబు కావాలో కూడా దాన్ని బట్టే. లావుపాటి మెడకు మామూలు ట్యూబు వేస్తే దాని చివర శ్వాసనాళంలో పైపైనే ఆగుతుంది. రోగిని పక్కకు తిప్పగానే జారి బయటికి వస్తుంది.

దీని పరిమితి భౌతికశాస్త్రంలోనే ఉంది. శబ్ద తరంగాలు గాలిని దాటలేవు. శ్వాసనాళం ముందు గోడ దగ్గర గాలి తగలగానే దాదాపు అన్నీ వెనక్కి పరావర్తనం చెందుతాయి. తెర మీద ఆ గీత కింద కనిపించేవి ప్రతిధ్వనుల నీడలే, నిజమైన బొమ్మ కాదు. అంటే వెనక గోడ అల్ట్రాసౌండ్‌కు కనబడదు. సూది ముందు గోడను దాటిన క్షణం నుంచి ఆ పద్ధతి గుడ్డిదే. తీగ ఎటు పోయింది, డైలేటర్ ఎంత లోతుకు దిగింది అన్నవి అది నేరుగా చెప్పలేదు. సూది మొన ఏ లోతులో ఉందో చూస్తూ ఆపగలగడం వల్ల వెనక గోడకు కొంత రక్షణ దొరుకుతుంది, అంతకుమించి కాదు. మెడ చర్మం కింద గాలి చేరిన రోగిలో ముందు గోడ కూడా కనబడదు.

ముందుగా ఒకసారి చూసి చర్మం మీద గుర్తు పెట్టుకోవడం, సూది దిగుతున్నంతసేపూ చూస్తూనే ఉండటం వేర్వేరు పనులు. మొదటిది నేర్చుకోవడం తేలిక. రెండో దానిలో ఒక చేత్తో ప్రోబ్, ఇంకో చేత్తో సూది నడవాలి. మెడ సిరలోకి అల్ట్రాసౌండ్‌తో గొట్టాలు వేసే అలవాటున్న వైద్యుడికి ఇది కొత్త కాదు. ‘అల్ట్రాసౌండ్‌తో చేశాం’ అని చెప్పే నివేదికల్లో ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి. వాటిని పోల్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

## ముఖాముఖి పెడితే

రెండు పరికరాలనూ నేరుగా పోల్చినవాటిలో బాగా చెప్పుకునేది బ్రెజిల్‌లో జరిగిన ట్రాకస్ అధ్యయనం, ‘ఇంటెన్సివ్ కేర్ మెడిసిన్’ పత్రికలో 2016లో వచ్చింది. 118 మంది రోగుల్లో సగం మందికి అల్ట్రాసౌండ్, సగం మందికి బ్రాంకోస్కోప్. ప్రక్రియ విఫలమవడం అంటే ఏమిటో ముందే నిర్వచించుకున్నారు: శస్త్రచికిత్సకు మారాల్సి రావడం, అనుకోకుండా రెండో పరికరం తెచ్చుకోవాల్సి రావడం, లేదా పెద్ద ప్రమాదం జరగడం. అలా విఫలమైంది ఒక్కో వర్గంలో ఒక్కరే. పట్టిన సమయం అల్ట్రాసౌండ్‌తో 11 నిమిషాలు, బ్రాంకోస్కోప్‌తో 13 నిమిషాలు. చిన్నపాటి ఇబ్బందులు అల్ట్రాసౌండ్ వర్గంలో 33 శాతం, బ్రాంకోస్కోప్ వర్గంలో 21 శాతం. చూడటానికి తేడాగా ఉన్నా, ఇంత కొద్దిమందిలో అది కాకతాళీయం కాదని గణాంకాలు చెప్పలేకపోయాయి.

‘అల్ట్రాసౌండ్ ఏమాత్రం తీసిపోదు’ అని అధ్యయనం తేల్చింది. రెండు పద్ధతుల వైఫల్యాల మధ్య తేడా ఎంత లోపు ఉంటే తీసిపోనట్టు అన్న గీత ముందే గీసుకున్నారు, అది 6 శాతం. ప్రక్రియ వల్ల మరణం 0.17 శాతం అన్న అంచనాను దీని పక్కన పెట్టి చూడాలి. ఆరు శాతం తేడాను పట్టే జల్లెడలో 0.17 శాతం నిలవదు.

లెక్క వేస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఒక పద్ధతి మరణాలను 0.17 శాతం నుంచి సగానికి తగ్గిస్తుందనుకుందాం. దాన్ని మామూలు గణాంక ప్రమాణాలతో రుజువు చేయాలంటే ఒక్కో వర్గంలో సుమారు 27 నుంచి 28 వేల మంది, మొత్తం 55 వేల మంది రోగులు కావాలి. అంత పెద్ద అధ్యయనం ఎవరూ చేయలేదు, చేసే అవకాశమూ లేదు. జరిగినవాటిలో ఎక్కువ భాగం యాభై, డెబ్భై, నూట ఇరవై మందితో జరిగినవే. అవి కొలవగలిగేది నిమిషాలు, పోట్ల సంఖ్య, చిన్న రక్తస్రావాలు. ఐసీయూ వైద్యుడిని నిద్రపోనివ్వని ప్రమాదం వాటి తూకానికి అందదు.

వైద్య సమావేశాల్లో ‘అల్ట్రాసౌండే మేలు’, ‘బ్రాంకోస్కోప్ తప్పనిసరి’ అంటూ రెండు పక్షాలూ ఒకే అధ్యయనాలను చూపించగలగడానికి కారణం ఇదే. ఇక్కడ శరీరనిర్మాణం, భౌతికశాస్త్రం చెప్పేదానికి అధ్యయనాల సగటుల కంటే ఎక్కువ బరువివ్వడం సమంజసం. ఆ లెక్కన ముందు గోడ దాకా అల్ట్రాసౌండ్, ముందు గోడ దాటాక బ్రాంకోస్కోప్ అన్న కలయికే తార్కికంగా పూర్తి పద్ధతి. స్కోప్‌ను సూది గుచ్చే వేళకు దించి, ట్యూబు సరిగా కూర్చుందని చూసి తీసేస్తే గాలి ఇరుకయ్యే సమయం కూడా తగ్గుతుంది. రెండూ ఉన్నచోట రెండూ వాడకపోవడానికి గట్టి కారణం కనిపించదు. రెండూ లేనిచోటే అసలు ప్రశ్న.

## తెలుగు రాష్ట్రాల ఐసీయూలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐసీయూల్లో దీర్ఘకాలం వెంటిలేటర్ మీద ఉండేవారిలో యువకుల వాటా గణనీయం. రోడ్డు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవారు, పురుగుమందు తాగినవారు ప్రధానంగా కనిపిస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుల విషంలో మొదటి రోజు లక్షణాలు తగ్గాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, శ్వాస కండరాలు చచ్చుబడే దశ రావచ్చు. అది దాటడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. ఇలాంటి రోగి మెడ చాలావరకు సన్నగా, ఉంగరాలు స్పష్టంగా ఉంటుంది. వేలి అంచనాకు అల్ట్రాసౌండ్ తోడైతే చాలావరకు సరిపోయే రోగి ఇతను. మెదడు వాచిన తల గాయం రోగికి కూడా స్కోప్ సమయాన్ని వీలైనంత తగ్గించడమే మేలు. అదే మధుమేహం, స్థూలకాయం, పొట్టి మెడ ఉన్న అరవై ఏళ్ల వ్యక్తికి, గతంలో మెడ ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ జరిగినవారికి ఒక్క పరికరంతో సరిపెట్టుకోవడం తగదు. అలాంటివారిని థియేటర్‌కు తీసుకెళ్లి ఈఎన్‌టీ సర్జన్‌తో తెరిపించడం వెనకడుగు కాదు.

పరికరాల లభ్యత మాటకొస్తే, గుండె, ఊపిరితిత్తులు చూడటానికి, సిరల్లో గొట్టాలు వేయడానికి అల్ట్రాసౌండ్ యంత్రం చాలా ఐసీయూల్లోకి ఇప్పటికే వచ్చింది. అదే యంత్రం మెడకూ పనికొస్తుంది. అయితే మన దేశంలో దానికి ఒక ప్రత్యేక ముడి ఉంది. లింగ నిర్ధారణను అరికట్టే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్ని, అది ఉండే ప్రదేశాన్ని నమోదు చేయాలి. చేత్తో పట్టుకెళ్లే యంత్రాలను నమోదైన ఆవరణ దాటించడానికి వీల్లేదు. ఉద్దేశం మంచిదే, అవసరమైనదే. కానీ ఐసీయూలో ఒక చిన్న యంత్రం పెట్టుకోవడం కూడా దరఖాస్తులు, రిజిస్టర్లతో కూడిన పని. చిన్న పట్టణాల ఆస్పత్రులు యంత్రాన్ని రేడియాలజీ గదికే పరిమితం చేయడానికి ఇదొక కారణం.

కోవిడ్ ఈ చర్చలోకి మరో కోణం తెచ్చింది. శ్వాసనాళం తెరిచి ఉన్నంతసేపు రోగి ఊపిరి నుంచి తుంపరలు గదిలోకి వస్తాయి. స్కోప్ దూర్చే మూత దగ్గర నుంచి కూడా గాలి లీకవుతుంది. అందుకని 2020, 2021లో చాలాచోట్ల కీలక క్షణాల్లో వెంటిలేటర్ ఆపి పని ముగించడం, అల్ట్రాసౌండ్ వైపు మొగ్గడం, ఒక్కసారి వాడి పారేసే స్కోప్‌లు తెప్పించుకోవడం జరిగాయి. వాడి పారేసే స్కోప్ శుభ్రత సమస్యను, సూది గుచ్చుకునే భయాన్ని తీర్చింది, ఖర్చును తీర్చలేదు.

మూడింటిలో ఏది వాడినా తోడుగా ఉండాల్సిన నాలుగోది క్యాప్నోగ్రాఫ్. రోగి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను తెర మీద అలలుగా చూపే పరికరం ఇది. ట్యూబు శ్వాసనాళంలో లేకపోతే అల కనబడదు. శ్వాసమార్గ ప్రమాదాలపై బ్రిటన్‌లో 2011లో వెలువడిన జాతీయ తనిఖీ నివేదిక ఐసీయూల్లో దీన్ని వాడకపోవడం మరణాలకు ప్రధానంగా దోహదం చేసిందని ఎత్తిచూపింది. స్కోప్‌తో పోలిస్తే చవక, చూడటానికి ప్రత్యేక నైపుణ్యం కూడా అక్కర్లేదు. సంతకం అడిగినప్పుడు కుటుంబం వేయగల ప్రశ్నల్లో పరికరం పేరు కంటే ఉపయోగపడేవి మూడు: చేసేది ఎవరు, రెండో వైద్యుడు ఉంటాడా, క్యాప్నోగ్రాఫ్ ఉందా.

## సూది దిగాక

దారి చూపే పద్ధతి పని పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. పైన చెప్పిన 71 మరణాల్లో ప్రక్రియ జరుగుతుండగా సంభవించినవి సుమారు మూడో వంతు మాత్రమే. దాదాపు సగం ఆ తర్వాతి వారం రోజుల్లో జరిగాయి.

దీనికి సూది పద్ధతి స్వభావమే కారణం. కోసి తెరిచినప్పటిలా కాక, ఇక్కడ కణజాలాన్ని సాగదీసి దారి చేస్తారు. లోపలి నుంచి ట్యూబు జారిపోతే ఆ దారి వెంటనే మూసుకుపోతుంది. అది గట్టిపడటానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆ లోపు రోగిని పక్కకు తిప్పేటప్పుడో, స్నానం చేయించేటప్పుడో, రోగే చేత్తో లాగడం వల్లో ట్యూబు ఊడితే, కంగారులో అదే రంధ్రం గుండా మళ్లీ తోస్తే అది శ్వాసనాళం ముందున్న కణజాలంలోకి పోవచ్చు. వెంటిలేటర్ గాలి మెడలోకి, ఛాతీలోకి ఎక్కుతుంది. అప్పుడు చేయాల్సింది రంధ్రాన్ని మూసి, ముఖానికి మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఇచ్చి, నోటి గుండా మళ్లీ ట్యూబు వేయడం. స్వరపేటిక తీసేసిన రోగి కాకపోతే పై దారి ఇంకా తెరిచే ఉంటుంది.

ఈ సంగతి రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు, జూనియర్ డాక్టరుకు తెలిసి ఉండటం, మంచం తల దగ్గర అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి, నోటి ట్యూబు వేసే సామాను సిద్ధంగా ఉండటం పరికరాల ఎంపికకు సంబంధం లేనివి. అల్ట్రాసౌండ్‌తో కొలిచి మెడకు తగిన పొడవు ట్యూబు ఎంచుకోవడం మాత్రం ఈ దశలోనూ రోగిని కాపాడుతుంది. ట్యూబు ఎప్పుడు వేశారు, ఏ పద్ధతిలో వేశారు, పై శ్వాసమార్గం తెరిచి ఉందా అన్న మూడు వివరాలు రాసిన కాగితాన్ని మంచం తల దగ్గర గోడకు అంటించే అలవాటు బ్రిటన్ ఆస్పత్రుల్లో స్థిరపడింది. దానికి టేపు, పెన్ను తప్ప మరేమీ అక్కర్లేదు.